తోలుకోటు చేతులకు రేటెంత?



ఈ సంచికలో ఒక పాత తోలుకోటు గురించి రాస్తున్నాం. పట్నంలో దాన్ని లెదర్ జాకెట్ అంటారు. మన వూళ్లల్లో జాకెట్టంటే ఆడవాళ్ల రవిక కాబట్టి మేం తోలుకోటు అనే అంటాం. వాడకు శ్మశానం లేదు, భూమికి పట్టా లేదు, మీకు కోటు ముచ్చట దొరికిందా అని తిట్టేవాళ్లు తిట్టండి. శ్మశానం గురించి రాశాం, పట్టాల గురించి రాశాం, ఇకముందూ రాస్తాం. కానీ ఈ కోటు మా పరువు తీసింది. ఊరి దొర నోట్లో వున్న మాటే మా నోట్లోనూ వుందని మాకే చూపించింది. దాచుకుంటే లాభం లేదని రాస్తున్నాం.

సంగతేందంటే, 2025 డిసెంబరులో ఢిల్లీ ధర్నాకు మా వాళ్లల్లో ఒకతను పోవాల్సి వచ్చింది. ఢిల్లీ చలికి మన దుప్పటి ఆగదు. హైదరాబాద్‌లో జుమ్మెరాత్ బజారుకు పోయి, పాతబట్టల గుట్టలో వెతికి 400 రూపాయలకు తోలుకోటు తెచ్చుకున్నాడు. మేకతోలు. ముదురు గోధుమరంగు, భుజాల మీద వెలిసిపోయి వుంది. ఎవరు తొడిగిందో, ఎన్నేళ్లు తొడిగిందో తెలియదు గానీ తోలు మాత్రం గట్టిది. భుజాలు సరిపోయినయి, ఛాతీ సరిపోయింది. చేతులే పొట్టి. మణికట్టుకు మూడంగుళాల పైన ఆగిపోయినయి.

చేతులు పొడుగు చేయించాలని పట్నంలో దర్జీ దుకాణాలు తిరిగాడు. మొదటివాడు నిజం చెప్పాడు. మా సూది గుడ్డ సూది, తోలుకు వంగిపోతది, మిషన్ పాదం కింద తోలు జరగదు, చెడగొడితే నేను కట్టివ్వలేను అన్నాడు. ఆయన మీద మాకు కోపం లేదు. రెండోవాడు కోటు చూడనే లేదు. మూడోవాడు మాత్రం మిషన్‌కు అగరొత్తులు తిప్పుతూ, పొద్దున్నే తోలు లోపలికి తేవద్దు, బయట పెట్టు అన్నాడు. వాడి నడుముకు తోలు బెల్టు. వెనక జేబులో తోలు పర్సు, ఆ పర్సులో లక్ష్మీదేవి పటం. బెల్టయితే తోలుకు మైల లేదు, పర్సయితే మైల లేదు, కుట్టాల్సి వచ్చేసరికి మైల వచ్చింది! మైల తోలులో లేదు, తోలుపనిలో వుంది, ఆ పని చేసే మనిషిలో వుంది అని వాడి లెక్క. ఈ లెక్క వాడు కనిపెట్టింది కాదు, మనువు రాసిచ్చిపోయింది.

నాలుగోది గాజు తలుపుల తోలు దుకాణం. అక్కడ చల్లగా కూచోబెట్టి మంచినీళ్లిచ్చారు. కోటు తిప్పి తిప్పి చూసి ‘వింటేజ్ పీస్’ అన్నారు. వింటేజ్ అంటే పాతది అని. పాతదాన్ని ఖరీదుగా పిలవాలంటే ఆ మాట వాడతారు. మన దగ్గర పాతదాన్ని పాతదనే అంటారు, ఆ పాతది తొడిగినవాణ్ని పాలేరు అంటారు. 2,500 అవుతుంది, 15 రోజులు పడుతుంది, మా ఎక్స్‌పర్ట్ చేస్తాడు అన్నారు. ఆ ఎక్స్‌పర్ట్‌ను మావాడు చూడలేదు. గాజు తలుపు మీద యజమాని పేరుంది, ఎక్స్‌పర్ట్ పేరు లేదు. అది చాలు మనకు అర్థం కావడానికి.

మావాడు కోటు చంకలో పెట్టుకుని మా మండల కేంద్రానికి తిరిగొచ్చాడు. బస్టాండు గోడ పక్క గొడుగు కింద కూచునే పెద్దయ్య దగ్గరికి పోయాడు. నలభై ఏళ్లుగా అదే గోడ, అదే రాయి, అదే మూడుకాళ్ల ఇనప దిమ్మె. మేమంతా చెప్పులు తెగితే పోయేది అక్కడికే. కానీ ఇంత పెద్ద పని ఈయన చేస్తాడని మాకెవరికీ తోచలేదు. తోచకపోవడమే మొదటి తప్పు.

పెద్దయ్య కోటు చేతిలోకి తీసుకుని చేతి అంచు బొటనవేలితో ఒత్తి చూసిండు. తొడుక్కోమన్నడు. మావాడు చేతులు బారుగా చాపితే తిట్టిండు. “అట్ల చాపుతె ఏం తెలుస్తది బిడ్డా? సైకిల్ హేండిల్ పట్టుకున్నట్టు పెట్టు.” మోచెయ్యి వంచితే తోలుచెయ్యి పైకి గుంజుకుపోతది. చాపి కొలిస్తే మూడంగుళాలు తక్కువ, వంచి కొలిస్తే నాలుగు. కొలత అక్కడే మారిపోయింది. టేపు లేదు, జానతోనూ దారంతోనూ కొలిచిండు.

తర్వాత లోపలి అస్తరు కుట్టు విప్పి చూసిండు. అంచు లోపలికి అంగుళం మడిచి, సొల్యూషన్ పెట్టి అతికించి, పైన కుట్టేసి వుంది. ఆ మడత విప్పితే అంగుళం వస్తుంది కదా అని మావాడు అన్నాడు. వస్తుంది, కానీ లోపల మడిచిన తోలు ఎండ చూడలేదు, దాని రంగు ముదురు. బయటిది వెలిసింది. విప్పితే చేతి చుట్టూ గాజు వేసినట్టు నల్లటి పట్టీ కనపడుతుంది. పాత కుట్టు బెజ్జాలు ఒక వరస కనపడతయి. “తోలుకు మాపు లేదు బిడ్డా. గుడ్డయితె కుట్టు విప్పి, ఉతికి ఇస్త్రీ జేస్తె మూసుకుంటది. తోలుకు ఒక్కపోటు పడ్డదంటె సచ్చేదాంక వుంటది.” అందుకే తోలు మీద పని చేసేవాడు ముందు కన్నుతో కుడతాడు, తర్వాతే చేతితో కుడతాడు. గుండుసూది కూడా గుచ్చకూడదు. తడిపి గుంజితే సాగుతుందని ఎవరో మావాడికి చెప్పారట, ఆ మాట ఎత్తగానే పెద్దయ్య నవ్విండు. పాత తోలు ఎండిన తోలు, తడిపి గుంజితే ఆరినాక పగులుతది.

కొసకు పట్టీ వెయ్యాలని తేల్చిండు. రంగు కలిసే తోలు కోసం వెతకొద్దన్నడు. కొత్త తోలు పాత తోలుతో కలవదు, కలిసినట్టు నటిస్తే అతుకని ఇంకా తెలుస్తది, వేరే రంగు వేస్తే కావాలనే వేసినట్టుంటది. ఆయన సంచిలో తెగిపోయిన హేండ్‌బ్యాగు ఒకటుంది, నల్లటి మేకతోలు, మందం సరిపోయింది. ముందు పాత సినిమా పోస్టరు మీద పట్టీ ఆకారం గీసి, చేతి చుట్టూ పెట్టి చూసి, మళ్లీ కత్తిరించి చూసి, అప్పుడు తోలు మీద రంపె పెట్టిండు. అతుకు పడేచోట రెండు అంచులనూ రంపెతో కాగితమంత పలచగా గీకిండు. గీకకపోతే నాలుగు పొరలు మణికట్టు దగ్గర గడ్డ కడతయి. ఒక్క గీటు ఎక్కువైతే తోలు తెగిపోతది. తర్వాత సొల్యూషన్ రాసి, ఆరబెట్టి, అతికించి, గూటంతో మెత్తగా కొట్టి, కుట్టు మొదలుపెట్టిండు.

ఇక్కడ ఆయన చేసింది మేం మూడుసార్లు అడిగి తెలుసుకున్నాం. కొత్త బెజ్జం ఒక్కటి కూడా కోటుకు వెయ్యలేదు. పాత కుట్టు బెజ్జాలు వరసగా వున్నాయి కదా, వాటిల్లోంచే ఆరె పోనిచ్చి, పట్టీకి మాత్రం బెజ్జాలు వేసి, పాత దారి మీదే కొత్త కుట్టు నడిపించిండు. మైనం పట్టించిన దారం, రెండు కొసలకు రెండు సూదులు. ఒకే బెజ్జంలోంచి ఒకటి ఇటు, ఒకటి అటు. మిషన్ కుట్టు ఒకచోట తెగితే జారుకుంటూ పోతది. ఈ కుట్టు ఒకచోట తెగినా పక్కపోగు పట్టుకునే వుంటది. లోపల అస్తరుకు పాత లుంగీ ముక్క అతుకేసి పొడుగు చేసిండు. చివరికి గుడ్డకు రెండు చుక్కల ఆముదం అద్దుకుని కోటంతా తుడిచిండు. ఒకటిన్నర రోజు పట్టింది.

ఎంత పెద్దయ్యా అని మావాడు అడిగాడు. రెండు వందలియ్యి అన్నడు.

మావాడు, మా కార్యకర్త, అంబేద్కర్ జయంతికి మైకు పట్టుకునేవాడు, ఏమన్నాడో తెలుసా? “నూటయాభై తీసుకో పెద్దయ్యా, మనోళ్లమే గద.”

పెద్దయ్య తీసుకున్నడు.

ఈ మాట కమిటీలో మావాడే చెప్పాడు, గొప్పగా చెప్పాడు. పట్నంలో 2,500 అడిగారు, మన పెద్దయ్య నూటయాభైకే చేశాడు అని. మేం అందరం నవ్వాం. భలే చేశాడు పెద్దయ్య అన్నాం. ఒక చెల్లె మాత్రం నవ్వలేదు. “మరి మిగిలిన రెండువేల మూడొందల యాభై ఎవరు తిన్నరు?” అంది. అప్పుడు కూచుని లెక్క వేశాం. దారం, సొల్యూషన్, బ్యాగు తోలు కలిపి అరవై రూపాయలు. నూటయాభైలో అరవై పోతే తొంభై. ఒకటిన్నర రోజు పనికి తొంభై! 2025-26లో మన రెండు రాష్ట్రాల్లోనూ ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. మన్ను తట్టకెత్తినా ఒకటిన్నర రోజుకు 460 వస్తుంది. తట్టెత్తే పని తక్కువదని కాదు మేం అనేది. చెయ్యి తిరగడానికి ఇరవై ఏళ్లు పట్టే పనికి ఆ తట్టకూలి కూడా ఎందుకు లేదు అని అడుగుతున్నాం. ‘మనోళ్లమే గద’ అన్నామే, దొర కూడా అదే గదా అన్నది? ‘మన మాదిగోడే గద’ అనే కదా తాతల కాలం నుంచీ పని చేయించుకున్నది?

ఈ పనికి రేటు ఎందుకు లేదో పాతవాళ్లకు తెలుసు, పిల్లలకు చెప్పాలి. వాడవాడకూ లంద వుండేది. చచ్చిన గొడ్డును మనమే మోసుకొచ్చి, తోలు ఒలిచి, సున్నంలో నానేసి, వెంట్రుక గీకి, తంగేడు చెక్క, కరక్కాయ నీళ్లల్లో వారాల తరబడి ఊరేస్తే పచ్చితోలు చదునుతోలయ్యేది. చెప్పులు మనవి, మోటకు తోలుబొక్కెన మనది, ఎడ్ల మెడపట్టీలు మనవి, డప్పు మనది. మోట తోలు మాదిగది, నీళ్లు దొర పొలానివి! దీనంతటికీ కళ్లం కాడ మేర కొలిచేవాళ్లు. చెప్పు జతకు ఇంత, బొక్కెనకు ఇంత అని ఎన్నడూ లేదు. దయ వుంటే కుంచెడు ఎక్కువ, కోపమొస్తే ఊడ్చిన తాలు. మోటలు పోయి కరెంటు మోటర్లు వచ్చినయి, మేర పోయింది. రేటు మాత్రం రాలేదు. మేర తీసుకున్న నోటికి రేటు అడగడం రాలేదు, మేర కొలిచిన చేతికి రేటు ఇవ్వడం రాలేదు.

ఆ తోలు తక్కువదేం కాదు. తంగేడు చెక్కతో చదును చేసిన తోలు మద్రాసు రేవులో ఓడలెక్కి ఇంగ్లండుకు పోయేది, అక్కడ దానికి ‘ఈస్టిండియా తోలు’ అని పేరు. 1970ల మొదట్లో కేంద్ర ప్రభుత్వం పచ్చితోళ్లనూ సగం చదునైన తోళ్లనూ బయటికి పంపడం కట్టడి చేసి, పూర్తిగా తయారైన తోలుకూ తోలువస్తువులకూ దారి వేసింది. మాటకు మంచిదే. ఆ దారి పెద్ద టానరీల గుండా పోయింది, మన లందల గుండా పోలేదు. అదే కాలంలో, 1973లో, మన పేరు చెప్పి లిడ్‌క్యాప్ పెట్టారు. ఆ సంస్థకిచ్చిన భూముల్లో ఇవ్వాళ ఏం నడుస్తోంది? శిక్షణ పొందిన పిల్లలు ఎక్కడ పని చేస్తున్నారు? మీ మీ జిల్లాల్లో పోయి అడగండి, వచ్చిన జవాబు మాకు రాయండి, అచ్చేస్తాం.

ఇక్కడ మా తమ్ముళ్లు కొందరు లేస్తారు. ఈ కంపు ఇంకెన్నాళ్లు మొయ్యాలి, రంపె ఆరె బావిలో పారేసి చదువుకోండి అని చెప్పక, తోలు కుట్టును పొగుడుతారేంది అంటారు. వాళ్ల కోపం న్యాయమే. 1927 మార్చిలో మహద్ సభలో బాబాసాహెబ్ చచ్చిన గొడ్డు మాంసం మానమని చెప్పారు. 2016 జులైలో గుజరాత్‌లో ఊనా దగ్గర చచ్చిన ఆవు తోలు ఒలుస్తున్న మనవాళ్లను గోరక్షకులు బట్టలిప్పి ఇనపకడ్డీలతో కొట్టినప్పుడు, అక్కడి దళితులు గొడ్డు కళేబరాలు తెచ్చి సురేంద్రనగర్ కలెక్టరాఫీసు ముందు పడేశారు. మీ తల్లి కదా, మీరే మోసుకోండి అన్నారు. అంతకంటే గొప్ప ధర్నా ఈ దేశంలో ఎన్ని జరిగాయి? గొడ్డు మొయ్యడం వెట్టి. దాన్ని వదలాల్సిందే. మా పిల్లలెవరూ కులం చెప్పి ఆ గోడ పక్క కూచోవద్దు.

కానీ తమ్ముళ్లారా, పెద్దయ్య కూచునే వున్నడు. ఆయనకు అరవై అయిదేళ్లు. రిజర్వేషన్ వర్గీకరణ కోసం 1994లో ఈదుముడిలో మొదలైన దండోరాకు ఆయన డప్పు కొట్టిండు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకు ఒప్పుకున్న రోజు స్వీటు పంచిండు. ఆయన మనుమడికి ఉద్యోగం రావొచ్చు, రావాలి. ఆయనకు మాత్రం రేపు పొద్దున మళ్లీ ఆ గొడుగు కిందే. బావిలో పారెయ్యమనే ముందు, ఆ రంపె వున్నన్నాళ్లు దానికి తగిన కూలి ఇప్పించే బాధ్యత మనది కాదా? వెట్టిని కాలబెట్టాలి. చేతి నేర్పును వెట్టితో కలిపి కాలబెడితే లాభపడేది గాజు తలుపులవాడు. ఆ నేర్పుకే వాడు 2,500 అడుగుతున్నాడు.

ఇంకొక జాతి వుంది, వీళ్లతో ఇంకా జాగ్రత్త. ‘కులవృత్తులను కాపాడుకోవాలి, ఎంత కళ, ఎంత నైపుణ్యం’ అని సభల్లో కండ్లు తుడుచుకుంటారు. వీళ్ల కొడుకుల్లో ఒక్కడైనా ఆరె పట్టాడా? 2025 జూన్‌లో ఇటలీలోని మిలాన్‌లో ప్రాడా అనే కంపెనీ ఫ్యాషన్ షోలో అచ్చం కొల్హాపురీ చెప్పుల్లాంటి చెప్పులు నడిపించింది, ఇండియా పేరెత్తలేదు. మన పత్రికలన్నీ అరిచినయి, మన సంస్కృతిని దొంగిలించారని. గొడవ ముదిరినాక కంపెనీ భారతీయ చేతిపనే ప్రేరణ అని ఒప్పుకుంది. 2019లోనే ఆ చెప్పులకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అరిచినవాళ్లను ఒకటి అడుగుతాం. చెప్పు మీ సంస్కృతి అయినప్పుడు, ఆ చెప్పు కుట్టిన చమారు మీ ఇంట్లో ఎక్కడిదాకా రావచ్చు? గడప దాకానా, లోపలిదాకానా?

అయితే దొరలను తిట్టి మా తప్పు కడుక్కోలేం. కమిటీలో అనుకున్నాక, మావాడు వెయ్యి రూపాయలు తీసుకుని మళ్లీ పెద్దయ్య దగ్గరికి పోయాడు. తప్పయింది, తీసుకో అన్నాడు. పెద్దయ్య నోట్లు చూసి, ఏదో ఓట్ల పైసలు అనుకున్నడు. విషయం చెప్పినాక కూడా చేతికి తీసుకోలేదు. “నువ్వు సిగ్గుపడి ఇస్తున్నవు బిడ్డా. రేపొచ్చేటోడు ఇస్తడా? నేను ఎక్కువడుగుతె పక్క గొడుగు కిందికి పోతడు.”

ఈ ఒక్కమాటతో మా కమిటీ రెండు గంటల చర్చ కొట్టుకుపోయింది. దానం రేటు కాదు. పింఛను కూడా రేటు కాదు. ఆంధ్రలో 2024 నుంచి సంప్రదాయ చర్మకారులకు నెలకు 4,000 పింఛను ఇస్తున్నారు, మంచిదే, తీసుకోవాలి. కానీ అది సర్కారు ఇచ్చేది, కుట్టించుకున్నవాడు ఇచ్చేది కాదు. పక్క గొడుగు, ఆ పక్క గొడుగు ఒక మాట మీద నిలబడితేనే రేటు.

మా బస్టాండు దగ్గర అయిదు గొడుగులున్నయి. అయిదుగురినీ ఒక ఆదివారం సాయంత్రం వాడ కమ్యూనిటీ హాల్లో కూచోబెట్టాం. మొదట ఒకరి మొహం ఒకరు చూడలేదు, గిరాకీ గుంజుకున్న పాత పంచాయితీలు బయటికొచ్చినయి. ఒకాయన మధ్యలో లేచిపోయి, బీడీ తాగి మళ్లీ వచ్చాడు. ఇంకొకటి కూడా అక్కడ చెప్పాం. 2014 వీధి వ్యాపారుల చట్టం సామాన్లు అమ్మేవాళ్లకే కాదు, రోడ్డు పక్క కూచుని సేవ చేసేవాళ్లకూ వర్తిస్తుంది. మున్సిపాలిటీలో పేరు రాయించుకుని గుర్తింపు పత్రం అడగొచ్చు. పట్టణ వ్యాపార కమిటీలో నూటికి నలభై మంది వీధి వ్యాపారులే, ఎన్నికైనవాళ్లే వుండాలి. అయిదుగురిలో ఒక్కరికీ ఈ సంగతి తెలియదు. మాకూ నిన్నమొన్నటిదాకా తెలియదు, తెలుసుకోవాలని తోచలేదు. నలభై ఏళ్లుగా పోలీసు లాఠీతో గొడుగు లేపితే లేవడమే తెలుసు.

రాత్రి పదయ్యేసరికి బోర్డు రాయడం మొదలైంది. అట్ట సున్నానికి ఒకరు పోయారు, రంగు మా ఆఫీసులో జయంతి బేనర్లకు తెచ్చింది మిగిలింది. చెప్పు ఉంగటం కుట్టుకు ఇంత, అడుగు మార్పుకు ఇంత, బ్యాగు జిప్పుకు ఇంత. బూటు పాలిష్ రేటు దగ్గర పెద్ద గొడవ అయి, చివరికి ఒప్పుకున్నారు. బేరం లేదు అని కింద రాయాలా వద్దా అన్నదాని మీద అరగంట. రాశారు.

చివరి వరసలో ‘తోలుకోటు చేతులు పొడుగు చేయుటకు’ అని రాసి, పక్కన ఖాళీ వుంచారు. ముగ్గురు 800 అంటున్నారు. ఒకాయన, చేసింది పెద్దయ్య కాబట్టి పెద్దయ్య ఎంతంటే అంత అంటున్నడు. పెద్దయ్య ఇంకా 300 దగ్గరే ఆగి వున్నడు. వచ్చే ఆదివారం మళ్లీ కూచుంటున్నాం. చుట్టుపక్కల బస్టాండ్లల్లో కూచునే మనవాళ్లు కూడా రండి, మీ దగ్గర ఏ పనికి ఎంత తీసుకుంటున్నారో రాసుకుని రండి.

జై భీమ్.